గేట్లు మూశాక ఏట్లో వేట

ఆషాఢం దాటి కృష్ణకు ఎర్రనీళ్లు మొదలయ్యాయంటే పత్రికల జిల్లా పేజీల్లో ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. శ్రీశైలం నీటిమట్టం ఇన్ని అడుగులు, ఇన్‌ఫ్లో ఇంత, ఔట్‌ఫ్లో ఇంత. సుంకేసుల ఇంత, పోతిరెడ్డిపాడు ఇంత. ఆయకట్టు రైతు దాన్ని ఆశగా చదువుతాడు. రాజకీయ నాయకుడు ప్రకటన ఇవ్వడానికి చదువుతాడు. వల భుజాన వేసుకుని ఏటికి పోయేవాడికి ఆ పెట్టెతో ఉన్న సంబంధం వేరు. అతనికి అది ప్రాణానికి సంబంధించిన లెక్క. చిక్కేమిటంటే, పొద్దున పేపర్లో అచ్చయ్యేది నిన్న సాయంత్రం నాటి నది.

కర్నూలు, కడప సీమలో వాన చూసి నదిని అంచనా కట్టే రోజులు ఎప్పుడో పోయాయి. మంత్రాలయంలో చినుకు పడకపోయినా తుంగభద్ర నిండుగా వస్తుంది, ఎగువన హోస్పేట దగ్గర గేట్లు ఎత్తి ఉంటారు. చాపాడు దగ్గర కుందూలో పారేది చాలాసార్లు కృష్ణ నీరే: శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అక్కణ్నుంచి బనకచెర్ల, అక్కణ్నుంచి కుందూ, చివరికి పెన్నా. మండుటెండలో నది పొంగుతుంది, జడివానలో ఎండి ఉంటుంది. ఎవరో ఎక్కడో కూర్చుని తీసుకున్న నిర్ణయం ఇక్కడ ఏరై పారుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో వేటకు ఎప్పుడు పోవాలి, పడవను ఎలా నడపాలి అన్న ప్రశ్నకు జవాబు మబ్బుల్లో దొరకదు, గేట్ల దగ్గర వెతకాలి.

ముందు లెక్క సంగతి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు నీరు, దాదాపు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతా కథంతా తెలిసిపోతుంది. సుంకేసుల బ్యారేజీలో పట్టేది 1.2 టీఎంసీలే. ఎగువ నుంచి లక్ష క్యూసెక్కులు వస్తే ఖాళీ బ్యారేజీ కూడా మూడు గంటల ఇరవై నిమిషాల్లో నిండిపోతుంది. అంటే అది వరదను ఆపే కట్టడం కాదు, వచ్చింది వచ్చినట్టు కిందికి పంపే కట్టడం. అదే లక్ష క్యూసెక్కులు అడుగంటిన శ్రీశైలంలోకి వస్తే, 215 టీఎంసీలు నిండడానికి దాదాపు ఇరవై అయిదు రోజులు పడుతుంది. సుంకేసుల దిగువన వల వేసేవాడికి గంటల వ్యవధే ఉంటుంది, శ్రీశైలం ఎగువన తిరిగేవాడికి వారాలు ఉంటాయి. రెండింటికీ ‘డ్యామ్’ అనే పేరే పెట్టి, ఒకే జాగ్రత్త చెప్పి ఊరుకోవడం మన అధికార ప్రకటనల్లో పాత అలవాటు.

శ్రీశైలం ఆనకట్ట కింద లింగాలగట్టు ఉంది. ఈ ప్రశ్న మొత్తం ఒక్కచోట కనిపించాలంటే అక్కడికే పోవాలి. పైన పన్నెండు గేట్లు, రెండు గట్ల మీద రెండు విద్యుత్ కేంద్రాలు, కింద రాళ్ల మధ్య పుట్టీలు. పొట్ట చేత పట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. గేట్లు ఎత్తినన్నాళ్లూ జనం నురగను చూడడానికి కార్లలో బారులు తీరతారు. గేట్లు దించారని తెలియగానే పుట్టీలు బారులు తీరతాయి. కారణం చెప్పడం తేలికే. వరదలో ఏటికి ఎదురీదుతూ వచ్చిన చేప ఆనకట్ట గోడ దగ్గర ఆగిపోతుంది, పైకి ఎక్కే దారి లేదు. పైనుంచి కొట్టుకొచ్చిన చేప కూడా అదే మడుగుల్లో పడుతుంది. నీరు తగ్గేసరికి బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల అన్నీ రాళ్ల సందుల్లో గుంపుగా దొరుకుతాయి. ఏడాదిలో ఇంత చేప ఇంత చిన్న చోట మరెప్పుడూ ఉండదు.

పీకలమీదికి వచ్చేది కూడా ఆ గంటలోనే. గేట్లు మూశారంటే నది ఆగిందని కాదు, గేట్ల మీదుగా పారడం ఆగింది. విద్యుత్ కేంద్రాలు నడుస్తూనే ఉండొచ్చు, ఆగి ఉన్నవి మళ్లీ మొదలు కావచ్చు. రెండు గట్ల మీదా యంత్రాలన్నీ తిరిగితే అరవై వేల క్యూసెక్కులకు పైగా కిందికి వస్తుంది. గేటు ఎత్తడానికి ముందు సైరన్ ఉంటుంది, పోలీసులు ఉంటారు, టీవీ కెమెరాలు ఉంటాయి. టర్బైన్ తిప్పడానికి అంత హంగామా ఉండదు. ఊళ్లో సాయంత్రం దీపాలు, మోటార్లు, ఏసీలు ఒక్కసారిగా లోడు పెంచితే జలవిద్యుత్తునే ముందు అందుకుంటారు, నిమిషాల్లో పుంజుకునేది అదే కనుక. హైదరాబాద్‌లో ఎవరింట్లోనో స్విచ్ నొక్కితే లింగాలగట్టులో రాయి మునుగుతుందనడం మరీ అతిశయోక్తి కాదు.

ఎడమగట్టు కేంద్రానిది ఇంకో తిరకాసు. అక్కడివి రెండువైపులా తిరిగే యంత్రాలు, ఒక్కొక్కటి 150 మెగావాట్లవి, మొత్తం ఆరు. కరెంటు మిగిలినప్పుడు దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి తోడగలవు. అంటే ఈ ఏటికి పోటూ ఉంది, పాటూ ఉంది, చంద్రుడితో పని లేకుండా. పైగా దిగువన నాగార్జునసాగర్ నిండుగా, 590 అడుగుల దాకా ఉంటే దాని వెనుకజలాలు శ్రీశైలం పాదాల దాకా వస్తాయి. అప్పుడు లింగాలగట్టు లోతైన మడుగు, వదిలిన నీరు దాని మీద మెత్తగా పరుచుకుంటుంది. సాగర్ అడుగంటి ఉంటే అదే నీరు రాళ్ల మీద ఉరుకుతుంది. విడుదల అంకె ఒకటే, నది మాత్రం రెండు రకాలు. అందుకని అక్కడ వేటాడేవాడు పైడ్యాము అంకెతో పాటు కిందిడ్యాము అంకె కూడా చూడాలి. చాలా హెచ్చరికల్లో ఈ మాట ఉండదు.

దీనికి రాష్ట్రాల తగాదా తోడైంది. 2021 వేసవి చివర, జలాశయంలో మట్టం ఇంకా తక్కువగా ఉండగానే తెలంగాణ ఎడమగట్టున పూర్తిస్థాయిలో విద్యుదుత్పత్తి చేయడం, ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పడం, ప్రాజెక్టుల దగ్గర రెండు వైపులా పోలీసులు మోహరించడం అందరూ చూశారు. ఆ వారాల్లో కింద ఏరు ఎంత ఎత్తున పారాలో వాన తేల్చలేదు, వ్యవసాయమూ తేల్చలేదు. వల వేసేవాడికి ఈ గొడవలో పక్షం లేదు, సమాచారం కూడా లేదు.

సమాచారం అసలు లేదా? ఉంది. మన దేశంలో విద్యుత్ షెడ్యూలును రోజుకు 96 ముక్కలుగా, పావుగంట చొప్పున, ముందురోజే వేస్తారు. ఏ కేంద్రం ఎప్పుడు ఎంత ఇవ్వాలో లోడ్ డిస్పాచ్ కేంద్రం దగ్గర కాగితం మీద ఉంటుంది. చివరి నిమిషంలో మారుతుంది, నిజమే. మారుతుందని చెప్పి మరీ ఇవ్వొచ్చు. అమెరికాలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ చేస్తున్నది అదే. తన ఆనకట్టల కింద ఏ గంటకు ఎంత నీరు వదలబోతోందో జనానికి ఫోన్‌లో చూపిస్తుంది, మారవచ్చు సుమా అని రాసి మరీ. నారిస్ డ్యామ్ కింద క్లించ్ నదిలో ట్రౌట్ చేపకు గాలం వేసేవాళ్లు జనరేటర్లు ఆగే వేళ చూసుకుని నీళ్లలోకి దిగుతారు, మొదలయ్యే వేళకు ఒడ్డెక్కుతారు. అక్కడివాళ్లు మనకంటే బుద్ధిమంతులేం కాదు. వాళ్ల చేతిలో కాగితం ఉంది, అంతే తేడా.

ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. వాళ్లు చేపలకు పోలేదు, ఫొటోలకు దిగారు. నీటికి ఆ తేడా తెలియదు. అప్పటిదాకా లోతు తక్కువగా ఉన్న ఏరు కొన్ని నిమిషాల్లో అందనంత ఎత్తుకు వచ్చింది. ఆనకట్ట కింద రాళ్ల మీద నిలబడే ప్రతి మనిషీ ఆ దృశ్యాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

తుంగభద్ర కథ వేరు. ఇక్కడ ప్రమాదం గంట గంటకూ మారే కరెంటుతో కాదు, ఎగువన 33 గేట్లున్న పాత డ్యాముతో. 2024 ఆగస్టు 10 రాత్రి దాని 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ ఒక్క కంత నుంచే ముప్పై వేల క్యూసెక్కులకు పైగా బయటికి దూకింది, ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తాల్సి వచ్చింది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో తీర గ్రామాలకు దండోరా వేశారు. తాత్కాలికపు పలకలు దించి నీరు ఆపడానికి వారం పట్టింది. వేటకు ఏ షెడ్యూలూ చెప్పని సంఘటన అది. కానీ ఒక్క మేలు ఉంది: హోస్పేట నుంచి కర్నూలు చాలా దూరం. కేంద్ర జలసంఘం మంత్రాలయం దగ్గర నీటిమట్టం కొలుస్తూనే ఉంటుంది. అక్కడ పెరిగింది ఇక్కడికి రావడానికి వేళ పడుతుంది. ఆ వేళ వినియోగించుకునేవాడికి తుంగభద్ర శ్రీశైలం దిగువ కంటే మంచి నది. 2009 అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగిన నాడు మాత్రం ఏ లెక్కా పనికి రాలేదు. శ్రీశైలానికి ఇరవై అయిదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, జలాశయం పూర్తి మట్టమైన 885 అడుగుల మీద ఇంకో పదడుగులు దాటి నిలిచింది.

కడప వైపు పోతే నదులు చిన్నవి, కోపం పెద్దది. పెన్నా ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసుక. పాపఘ్ని, చెయ్యేరు అంతే. ఇలాంటి నదుల్లో వేట అంటే వరద వెళ్లాక మిగిలిన మడుగుల్లో కొర్రమీనుకూ బొమ్మిడాయికీ చెయ్యి పెట్టడమే తప్ప, పడవ పని ఉండదు. ఆ మడుగు ఎంత నిశ్చలంగా కనిపిస్తే అంత నమ్మరాదు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో పట్టేది 2.23 టీఎంసీలు. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. ఎగువన పింఛా ప్రాజెక్టు దెబ్బతిని, మూడు లక్షల క్యూసెక్కుల లెక్కలో వరద వచ్చిపడి మట్టికట్ట తెగింది. ఆ వేగంతో వస్తే ఖాళీ జలాశయమే రెండు గంటల్లో నిండుతుంది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్లను ఆ నీరు ముంచెత్తింది. ఆ మరుసటి నెలలోనే పార్లమెంటు డ్యామ్ భద్రత చట్టం చేసింది. ప్రతి పెద్ద ఆనకట్టకూ అత్యవసర ప్రణాళిక ఉండాలని అందులో ఉంది. ఆ ప్రణాళికల్లో ఊళ్ల పేర్లు, రోడ్ల పేర్లు రాసుకుంటారు. ఏట్లో ఉన్న మనిషి ఏ ఊరి లెక్కలోకి వస్తాడు?

గోదావరి ఒడ్డున భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులంటే బడిపిల్లలకు కూడా తెలుసు, అవి మూడు హెచ్చరికలు. సీమ నదుల మీద అలా జనం నోట్లో నలిగిన అంకె ఒక్కటీ లేదు. ఉండాల్సిన చోట్లు నాకు తోచినవి మూడు: లింగాలగట్టు, సుంకేసుల దిగువ, కుందూ మీద రాజోలి ఆనకట్ట.

ఇక పడవ. సీమ జలాల్లో పడవ అంటే ముందుగా పుట్టి. ఒకప్పుడు వెదురు బద్దల మీద తోలు కప్పేవారు, ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌వి. దానికి ముందూ లేదు, వెనకా లేదు. అందుకే కొత్తవాడు తెడ్డు పట్టి ఒక పక్క నీళ్లు తోస్తే బొంగరంలా తిరుగుతుందే తప్ప ముందుకు పోదు. తెలిసినవాడు అంచుకు దగ్గరగా మోకాళ్ల మీద కూర్చుని తెడ్డును తనకు ఎదురుగా నీళ్లలో దించి, నీటిని తనవైపు లాక్కుంటాడు, ఎడమకొక లాగుడు, కుడికొక లాగుడు. పుట్టి అతని వెంట ఈడ్చినట్టు కదులుతుంది. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెట్టకూడదు, నేరుగా నడుమ దించాలి. “నడిమధ్య కూసో నాయినా, లేసి నిలబడొద్దు, ఏం జూసినా కూసునే జూడు” అని పుట్టి నడిపే పెద్దలు చెప్పేది మర్యాద కోసం కాదు. అడుగు చదును, కాబట్టి నిలకడ ఉన్నట్టే ఉంటుంది. ఇద్దరు ఒకే పక్కకు వంగి వల లాగితే ఆ పక్క అంచు నీటిని అందుకుంటుంది, ఆ తర్వాత చెప్పుకోవడానికేం ఉండదు.

పారే నీటిలో పుట్టితో మూడు పనులు చేయరాదు. ఒకటి, వలతాడు పుట్టికి కట్టకూడదు. వల రాతికి తగులుకుని నీరు పెరిగిందంటే, తాడు పుట్టిని ఉన్నచోటే బిగించి ముంచుతుంది. కోసేయడానికి కత్తి చేతికందే చోట ఉండాలి, వల ఖరీదు చూసుకోకూడదు. రెండు, లంగరు వేయకూడదు, కారణం అదే. మూడు, అవతలి ఒడ్డుకు సూటిగా పోవాలని పంతం పట్టకూడదు. ఏటవాలుగా, నీరు తోసినంత తోయనిచ్చి, దిగువన చేరాలి. అంటే ఎక్కే ముందే దిగే చోటు చూసుకోవాలి, ఆ చోటుకూ కిందనున్న ఆనకట్టకూ మధ్య ఖాళీ ఉండాలి. చిన్న ఆనకట్టల కింద నీరు తిరిగి వెనక్కి లాగే సుడి ఒకటి ఉంటుంది. పైకి చూస్తే నురగ తప్ప ఏమీ తెలియదు. దుంగ పడితే గంటలకొద్దీ అక్కడే పొర్లుతుంది. ఆదినిమ్మాయపల్లె అయినా రాజోలి అయినా, ఆ నురగ దగ్గరికి పడవ తీసుకుపోవాల్సినంత చేప ఎక్కడా లేదు.

నీరు పెరుగుతోందని ఏరే చెప్తుంది, వినేవాడుంటే. పని మొదలుపెట్టే ముందు ఒడ్డున నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, లేదా రాతి మీద తడి గీత గుర్తు పెట్టుకుని, వల తీసినప్పుడల్లా దాన్ని చూడడం పాత పద్ధతి. ఇంతకంటే నమ్మకమైన యంత్రం నాకు తెలియదు. తేటగా ఉన్న నీరు మెల్లగా మసకబారినా, అంతవరకూ లేని ఎండుగడ్డి, ఆకులు, నురగ తేలివచ్చినా, రాళ్ల మీద గలగల ఆగి నీటి మోత బరువెక్కినా, వల వదిలేసి ఒడ్డెక్కాలి. ఎంత పెరుగుతుందో చూద్దామని ఆగకూడదు.

జలాశయాల మీద ఈ భయం తక్కువ, వేరే భయాలున్నాయి. శ్రీశైలం వెనుకజలాల కింద 1981లో ఖాళీ చేయించిన వంద దాకా ఊళ్లున్నాయి. మట్టం 880 అడుగులున్నప్పుడు మర పడవ హాయిగా పోయే దారిలో, 850కి దిగాక గోడలు, చెట్ల మోళ్లు పైకి వస్తాయి. ఇంకా కిందికి పోతే సంగమేశ్వరాలయమే బయటపడుతుంది, మాఘ ఫాల్గుణాల తర్వాత భక్తులు నడిచిపోయి వేప లింగాన్ని చూసి వస్తారు. అందుకే అక్కడ క్యూసెక్కుల కంటే అడుగుల అంకె ముఖ్యం. రెండోది గాలి. వైశాఖం చివర నుంచి శ్రావణం దాకా పడమటి గాలి ఆ విశాలమైన నీటి మీద పడితే అల లేస్తుంది. తెల్లవారుజామున అద్దంలా ఉన్న నీరు పది గంటలకల్లా ఉండదు. 2007 జనవరిలో నెహ్రూనగర్ నుంచి సింగోటం జాతరకు బయల్దేరిన పడవ మంచాలకట్ట దగ్గర మునిగి సుమారు అరవై మంది చనిపోయారు. అది వరద కాలం కాదు, నిండు నిలకడ నీరు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరులో పడవ మునిగింది మాత్రం వరదలో. కాలాలు వేరైనా రెండు చోట్లా ఎక్కినవాళ్లకు ఎక్కకూడదని చెప్పే మనిషి లేడు.

ఈ సీమకు పడవలు కొత్త కాదన్నది చాలామందికి తెలియదు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన కేసీ కాలువ పొలాలకే కాదు, పడవలకు కూడా. లాకులు కట్టి మరీ తవ్వారు. లాభం రాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది. ఇప్పుడా కాలువలో తిరిగేవి ఎక్కువగా మొసళ్లే, అప్పుడప్పుడు పొలాల్లోకి వచ్చి వార్తలకెక్కుతాయి. చేపలకు దిగేవాళ్లు ఆ వార్త చదివి ఊరుకోకూడదు. శ్రీశైలం వెనుకజలాల్లోనూ మొసళ్లున్నాయి.

అనుమతుల మాట క్లుప్తంగా. జలాశయాల్లో వేటకు మత్స్యశాఖ లైసెన్సు కావాలి. నల్లమల వైపు ఒడ్డు పులుల అభయారణ్యం, అటవీశాఖ ఒప్పుకోదు. గుడ్లు పెట్టే జులై, ఆగస్టుల్లో వేట నిషేధం. ఎర్రనీళ్లు వచ్చిన తొలి వారంలో ఎదురెక్కే చేప కడుపు నిండా గుడ్లుంటాయి, దాన్ని పట్టడమంటే మూడేళ్ల చేపను ముందే తినేయడం. ఆత్మకూరు, కొత్తపల్లి వైపు అలివి వలల మీద ఏటా గొడవ జరిగేది ఇందుకే. ఆ సన్నటి కన్నుల్లోంచి పిల్ల చేప కూడా తప్పించుకోదు. ప్రభుత్వం వదిలిన చేపపిల్లలే ఎండి సంచుల్లోకి ఎక్కుతాయి. మడుగు దగ్గర ప్రాణం పణం పెట్టి పుట్టి నడిపేవాడి వాటాను ఒడ్డున కూర్చున్న వలల యజమాని తినేస్తున్నాడన్నది నా అభిప్రాయం. అధికారుల దాడులు ఒడ్డు దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

సరదాకు గాలం వేసేవాళ్లకు ఈ సీమలో మంచి కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. గండికోటలో 26.85 టీఎంసీలు, అవుకులో నాలుగు టీఎంసీలకు పైన, మైలవరం, వెలుగోడు, బ్రహ్మంసాగర్, అన్నీ నిండి ఉంటాయి. గాలి తగ్గి ఉంటుంది, మట్టం రోజుకు కొద్దికొద్దిగానే దిగుతుంది. జలాశయం నిండే దశలో ఉంటే కొత్తగా మునిగిన గడ్డి అంచున గాలం వేయాలి, మేతకు చేప ఒడ్డుకే వస్తుంది. దిగే దశలో ఉంటే అది పాత వాగు గండిలోకి, లోతుకు జరుగుతుంది, అప్పుడు ఒడ్డున కూర్చోవడం దండగ. తూము దగ్గర మాత్రం ఎంత చేప కనిపించినా దూరంగా ఉండాలి, కాలువకు నీళ్లు ఎప్పుడు పెంచుతారో తూము చెప్పదు. లింగాలగట్టుకు సరదా వాళ్లు పోనక్కర్లేదు. అక్కడ పుట్టి దించేవాళ్లకు అది బతుకు. వాళ్లకు కావలసింది మన హితబోధ కాదు. రేపటి 96 ముక్కల కాగితం, ఈ రాత్రి తొమ్మిదింటికల్లా, తెలుగులో, ఫోన్‌కు. ఆ కాగితం కరెంటు శాఖ దగ్గర ఉంది, లైసెన్సుల పుస్తకం మత్స్యశాఖ దగ్గర ఉంది, గేట్లు నీటిపారుదల శాఖ చేతిలో ఉన్నాయి.